బలాబలాల కొలమానం – స్వాంటె అర్హీనియస్

నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్లని మజ్జిగ – ఈ మూడింటి పులుపులోని భేదాన్ని నాలుక ఇట్టే గుర్తిస్తుంది. అయితే ఒకటి మరొకదానికంటే ఎన్ని రెట్లు బలమైనదో చెప్పడం నాలుకకు సాధ్యం కాదు. అది చెప్పాలంటే ఒక కొలమానం కావాలి. ఆమ్లాలను, క్షారాలను వేల సంవత్సరాలుగా వాడుతూ వచ్చిన మానవుడికి అటువంటి కొలమానం పంతొమ్మిదో శతాబ్దపు చివరి పాదంలో గాని లభించలేదు. దానికి పునాది వేసినవాడు స్వీడన్ దేశానికి చెందిన స్వాంటె ఆగస్ట్ అర్హీనియస్. పరీక్షకుల చేత తక్కువ శ్రేణి పొందిన ఒక పరిశోధన వ్యాసం ఆ పునాదికి తొలి రాయి కావడం శాస్త్ర చరిత్రలో ఆలోచింపజేసే ఘట్టం.

అర్హీనియస్ 1859 ఫిబ్రవరి 19వ తేదీన ఉప్సాలా నగర సమీపంలోని విక్ అనే చోట జన్మించాడు. తండ్రి ఉప్సాలా విశ్వవిద్యాలయంలో భూమి సర్వే ఉద్యోగి. బాలుడు మూడేళ్ల ప్రాయంలోనే ఎవరూ నేర్పకుండా చదవడం నేర్చుకున్నాడు. తండ్రి లెక్కల పుస్తకాలలో అంకెలు కూడుతుంటే పక్కన నిలబడి చూస్తూ గణితంలో అసాధారణమైన నేర్పు సంపాదించాడు. అంకెల వరుసలలో దాగిన సంబంధాలను పసిగట్టే ఆ గుణమే తరువాతి కాలంలో ఆయనకు పెట్టుబడి అయింది. 1876లో పాఠశాల విద్య ముగించి ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి భౌతిక, రసాయనశాస్త్ర బోధన ఆయన జిజ్ఞాసను తృప్తిపరచలేదు. అందువల్ల 1881లో స్టాక్‌హోమ్ వెళ్లి, రాయల్ స్వీడిష్ విజ్ఞానశాస్త్ర అకాడమీలో భౌతికశాస్త్రవేత్త ఎరిక్ ఎడ్లండ్ వద్ద పరిశోధనకు పూనుకొన్నాడు.

ఆనాటికి ఆమ్లాల బలాన్ని గురించిన జ్ఞానం ఏ స్థితిలో ఉన్నదో గ్రహిస్తేనే ఆయన కృషి విలువ బోధపడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనదనీ, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనదనీ రసాయనశాస్త్రజ్ఞులకు తెలుసు. ఆ భేదాన్ని నిర్ణయించడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క మార్గం తొక్కారు. కొందరు ఒక ఆమ్లం మరొక ఆమ్లాన్ని దాని లవణం నుండి ఎంతమేరకు తొలగించగలదో చూశారు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు జూలియస్ థామ్సెన్ చర్యలో వెలువడే ఉష్ణాన్ని ఆధారం చేసుకొన్నాడు. రీగా నగరంలోని పాలిటెక్నిక్‌లో ఆచార్యుడైన విల్‌హెల్మ్ ఆస్వాల్డ్ వేర్వేరు ఆమ్లాల సమక్షంలో మిథైల్ ఎసిటేట్, చెరకు చక్కెర వంటివి ఎంత వేగంగా విచ్ఛిన్నమవుతాయో కొలిచాడు. ఈ మార్గాలన్నీ ఆమ్లాలను ఇంచుమించు ఒకే వరుసలో నిలిపాయి. కాని ఆ వరుస ఎందుకు ఏర్పడుతున్నదనే ప్రశ్నకు సమాధానం లేదు. బలం అనేది ఆమ్లంలో ఎక్కడ ఉన్నదో ఎవరూ చెప్పలేకపోయారు.

అర్హీనియస్ ఈ ప్రశ్నను వెదుక్కుంటూ వెళ్లలేదు. ఆయన చేపట్టినది ద్రావణాలలో విద్యుత్తు ప్రవహించే తీరు. శుద్ధమైన నీటిలో విద్యుత్తు దాదాపు ప్రవహించదు. పొడి ఉప్పులోనూ ప్రవహించదు. ఆ ఉప్పును ఆ నీటిలో కరిగిస్తే మాత్రం ద్రావణం మంచి విద్యుద్వాహకం అవుతుంది. ద్రావణంలో విద్యుత్తును మోసే కణాలకు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే కాలంలోనే అయాన్లని పేరు పెట్టారు. అయితే విద్యుత్తును ప్రవేశపెట్టినప్పుడే అణువులు విడిపోయి అయాన్లు పుడతాయని పలువురు భావించేవారు. అర్హీనియస్ అత్యంత విలీన ద్రావణాల వాహకతను ఓపికగా కొలిచాడు. నీరు కలిపి ద్రావణాన్ని పలుచన చేసిన కొద్దీ, కరిగిన పదార్థంలో ప్రతి మోల్‌కు లభించే వాహకత పెరుగుతూ వచ్చింది. పదార్థం అంతే ఉన్నా, విద్యుత్తును మోసే శక్తి పెరిగింది. కరిగిన పదార్థమంతా ఒకే స్థితిలో లేదనీ, అందులో కొంత భాగమే క్రియాశీలమైనదనీ, పలుచన చేసిన కొద్దీ ఆ భాగం అధికమవుతుందనీ ఆయన ఊహించాడు. అంతటితో ఆగక మరొక అడుగు వేశాడు. విద్యుత్తును మోసే భాగమే రసాయన చర్యలలోనూ పాల్గొంటుందని ప్రతిపాదించాడు. ఆ లెక్కన విద్యుత్తును ఎక్కువగా మోసే ఆమ్లమే బలమైన ఆమ్లం కావాలి.

ఈ భావాలను పొందుపరచి ఫ్రెంచి భాషలో 150 పుటల వ్యాసాన్ని 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి డాక్టరేటు పట్టం కోసం సమర్పించాడు. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు. వ్యాసాన్ని తూచవలసిన విశ్వవిద్యాలయంలో పెర్ తియోడర్ క్లేవె రసాయనశాస్త్రానికీ, రాబర్ట్ తలేన్ భౌతికశాస్త్రానికీ పెద్దలు. క్లేవె సామాన్యుడు కాడు. 1879లో హోల్మియం, థూలియం అనే రెండు మూలకాలను కనుగొన్న మేటి ప్రయోగశీలి. అటువంటివారికి ఈ వ్యాసం అటు భౌతికశాస్త్రమూ కాక, ఇటు రసాయనశాస్త్రమూ కాక మధ్యలో వేలాడినట్లు కనిపించింది. ఊహలు ఎక్కువ, ప్రయోగాలు తక్కువ అనిపించింది. పట్టం నిరాకరించలేదు గాని, శ్రేణి మాత్రం చాలా తక్కువగా ఇచ్చారు. విశ్వవిద్యాలయంలో బోధకుడు కావడానికి ఆ శ్రేణి చాలదు. కొన్నేళ్ల శ్రమకు ఫలితంగా అర్హీనియస్ ముందు మూసుకొన్న తలుపు నిలిచింది.

ఆయన నిరుత్సాహపడి కూర్చోలేదు. వ్యాస ప్రతులను ఐరోపాలోని పేరెన్నికగన్న శాస్త్రజ్ఞులకు పంపాడు. వాటిలో ఒకటి రీగాలోని ఆస్వాల్డ్‌కు చేరింది. 1884 జూన్‌లో ఒకే రోజున తనకు పంటినొప్పి, కుమార్తె జననం, ఈ వ్యాసం మూడూ ఒక్కసారిగా ప్రాప్తించాయని ఆస్వాల్డ్ తరువాత తన జ్ఞాపకాలలో చెప్పుకొన్నాడు. తొలి చదువులో వ్యాసం ఆయనకు తలకెక్కలేదు. అందులో అసంబద్ధమేమైనా ఉందేమోనని అనుమానించాడు. కాని అనుమానాన్ని తీర్చుకొనే సాధనం ఆయన చేతిలోనే ఉంది. చర్యావేగాలను బట్టి తాను అమర్చి ఉంచిన ఆమ్లాల వరుస ఆయన వద్ద సిద్ధంగా ఉన్నది. అవే ఆమ్లాల వాహకతను కొలిచి పక్కన పెట్టి చూశాడు. రెండు వరుసలూ చక్కగా కలిశాయి. చర్యలో వేగం చూపిన ఆమ్లమే విద్యుత్తును ఎక్కువగా మోసింది. చర్యలో మందగించినది వాహకతలోనూ మందగించింది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు దారులలో నడిచి ఒకే చోటుకు చేరారు.

ఆ సంవత్సరం ఆగస్టులో ఆస్వాల్డ్ స్వయంగా ఉప్సాలా వచ్చి అర్హీనియస్‌ను కలుసుకొన్నాడు. రీగాలో తన వద్ద ఉద్యోగానికి రమ్మని ఆహ్వానించాడు. విదేశీ ఆచార్యుడు ఇంత దూరం వచ్చి గౌరవించిన యువకుణ్ణి స్వదేశీయులు ఇక ఉపేక్షించలేకపోయారు. ఆ ఏడాది చివరలోనే ఉప్సాలాలో భౌతిక రసాయనశాస్త్ర బోధకుడిగా ఆయనకు స్థానం లభించింది. తండ్రి అనారోగ్యం కారణంగా అర్హీనియస్ వెంటనే విదేశానికి వెళ్లలేకపోయాడు. 1885లో తండ్రి మరణించాడు. తరువాత అకాడమీ ఇచ్చిన ప్రయాణ వేతనంతో 1886 నుండి రీగాలో ఆస్వాల్డ్ వద్ద, వుర్జ్‌బర్గ్‌లో కోల్‌రాష్ వద్ద, గ్రాజ్‌లో బోల్ట్‌జ్‌మన్ వద్ద, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాంట్ హాఫ్ వద్ద పనిచేశాడు.

ఈ పర్యటన కాలంలోనే 1887లో ఆయన సిద్ధాంతం పూర్తి రూపం దాల్చింది. ఆమ్లాలు, క్షారాలు, లవణాలు నీటిలో కరిగిన వెంటనే, విద్యుత్తు ప్రమేయం లేకుండానే, ఆవేశం గల అయాన్లుగా విడిపోతాయని ఆయన స్పష్టంగా ప్రకటించాడు. హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం. హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం. ఒక ద్రావణంలోని అణువులలో ఎంత భాగం విడిపోయిందో తెలిపే సంఖ్యను వియోజన అవధి అన్నారు. సుమారు 90 పదార్థాలకు ఈ వియోజన ఫలితాన్ని రెండు విధాలుగా లెక్కగట్టి పోల్చాడు. మొదటిది వాహకతను బట్టి. రెండవది, ద్రావణం గడ్డకట్టే ఉష్ణోగ్రత శుద్ధ జలం కంటే ఎంత తగ్గిందనేదాన్ని బట్టి. విద్యుత్తుతో సంబంధమే లేని రెండవ మార్గం కూడా అధిక భాగం పదార్థాలలో మొదటి మార్గాన్ని సమర్థించింది.

అయినా విమర్శలు ఆగలేదు. క్లోరిన్ విషవాయువు, సోడియం నీటిలో పడితే భగ్గుమనే లోహం. ఇవి రెండూ ఉప్పునీటిలో విడివిడిగా తిరుగుతుంటే ఆ నీరు నిరపాయంగా ఎలా ఉంటుందని పలువురు ప్రశ్నించారు. పరమాణువు వేరు, ఆవేశం గల అయాన్ వేరు అన్నదే దీనికి సమాధానం. ఈనాడు విద్యార్థులు సులువుగా గ్రహించే ఈ భేదం, ఎలక్ట్రాన్ ఇంకా కనుగొనబడని ఆ రోజులలో నమ్మశక్యం కానిదిగా తోచింది. మరొకవైపు సిద్ధాంతం పాత చిక్కుముడులను విప్పుతూ పోయింది. ఏ బలమైన ఆమ్లాన్ని ఏ బలమైన క్షారంతో తటస్థీకరించినా మోల్‌కు దాదాపు 57 కిలోజౌళ్ల ఉష్ణమే ఎందుకు వెలువడుతుంది? ఆమ్ల క్షారాల పేర్లు ఏవైనా, జరుగుతున్న చర్య మాత్రం హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిసి నీరు కావడం ఒక్కటే కనుక. బలహీనమైనవి పాల్గొన్నప్పుడు ఆ ఉష్ణం సాధారణంగా తగ్గుతుంది. విడిపోని అణువులను విడదీయడానికి కొంత శక్తి ఖర్చవుతుంది కదా.

బలాన్ని పోల్చడంలో ఇంకొక చిక్కు మిగిలింది. వియోజన అవధి గాఢతతో మారుతుంది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో నూటికి సుమారు 1.3 అణువులే అయాన్లుగా విడిపోతాయి. దాన్ని 0.01 మోలార్‌కు పలుచన చేస్తే నూటికి 4.2, మరి 0.001 మోలార్‌కు చేస్తే నూటికి 12.5 విడిపోతాయి. ఇలా మారే సంఖ్యను ఆమ్లానికి గుర్తుగా ఎలా తీసుకోవాలి? దీనికి 1888లో ఆస్వాల్డ్ పరిష్కారం చూపాడు. విడిపోయిన అయాన్లకూ, విడిపోని అణువులకూ మధ్య సమతాస్థితి ఉంటుంది. వియోజన అవధి వర్గాన్ని గాఢతతో గుణించి, విడిపోకుండా మిగిలిన భాగంతో భాగిస్తే వచ్చే విలువ, ఒక ఉష్ణోగ్రత వద్ద, పలుచన చేసినా మారదు. ఇదే ఆస్వాల్డ్ విలీనతా నియమం. ఆ మారని విలువే వియోజన స్థిరాంకం. ఎసిటిక్ ఆమ్లానికి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది 1.8 × 10⁻⁵. గాఢత ఏదైనా ఈ సంఖ్య ఆ ఆమ్లానికి చెరగని గుర్తు.

ఈ కొలమానం చేతికి రాగానే ఆమ్లాల బలాబలాలు అంకెలలో వెల్లడయ్యాయి. ఆస్వాల్డ్ 1889 నాటికి రెండు వందలకు పైగా కర్బన ఆమ్లాలకు స్థిరాంకాలు నిర్ణయించాడు. చీమలలో ఉండే ఫార్మిక్ ఆమ్లపు స్థిరాంకం ఎసిటిక్ ఆమ్లపు దానికి 10 రెట్లు. ఎసిటిక్ ఆమ్ల అణువులో ఒక హైడ్రోజన్ బదులు క్లోరిన్ చేరితే స్థిరాంకం దాదాపు 80 రెట్లు పెరుగుతుంది. అణువు నిర్మాణంలో జరిగిన చిన్న మార్పు దాని బలాన్ని ఎంతగా మారుస్తుందో ఈ అంకెలు చాటాయి. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది. స్థిరాంకం 10 రెట్లు ఉన్నంతమాత్రాన ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు 10 రెట్లు ఉండవు. ఒకే గాఢత గల బలహీన ఆమ్లాలలో అవి ఇంచుమించు స్థిరాంకపు వర్గమూలాన్ని అనుసరిస్తాయి. కనుక 0.1 మోలార్ ఫార్మిక్ ఆమ్లంలో అయాన్లు ఎసిటిక్ ఆమ్లంలో కంటే సుమారు 3 రెట్లే అధికం.

క్షారాలకూ ఇదే న్యాయం వర్తించింది. ఆస్వాల్డ్ వద్ద శిక్షణ పొందిన గియోర్గ్ బ్రెడిగ్ 1894లో బలహీన క్షారాల స్థిరాంకాలను ప్రకటించాడు. అమోనియా స్థిరాంకం కూడా 1.8 × 10⁻⁵ కావడం విశేషం. ఎసిటిక్ ఆమ్లం ఎంత బలహీనమైన ఆమ్లమో, అమోనియా అంతే బలహీనమైన క్షారం. అందువల్లనే ఈ రెండింటి కలయికతో ఏర్పడిన అమోనియం ఎసిటేట్ ద్రావణం దాదాపు తటస్థంగా ఉంటుంది. మిథైల్ ఎమీన్ అమోనియా కంటే సుమారు 25 రెట్లు బలమైనది. అనిలీన్ అమోనియా కంటే నలభై వేల రెట్లకు పైగా బలహీనమైనది.

ఈలోగా అర్హీనియస్ 1889లో ఉష్ణోగ్రతకూ చర్యావేగానికీ గల సంబంధాన్ని తెలిపే సమీకరణాన్ని వివరించి, ఉత్తేజన శక్తి అనే భావనను శాస్త్రానికి అందించాడు. 1891లో స్టాక్‌హోమ్ ఉన్నత విద్యాలయంలో ఉపన్యాసకుడై, వ్యతిరేకత నడుమనే 1895లో ఆచార్యుడయ్యాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పరిమాణం రెట్టింపైతే భూమి ఉష్ణోగ్రత 5 నుండి 6 డిగ్రీలు పెరుగుతుందని 1896లోనే లెక్కగట్టాడు. 1903లో విద్యుద్విశ్లేష్య వియోజన సిద్ధాంతానికి గాను ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ గౌరవం పొందిన తొలి స్వీడన్ దేశీయుడు ఆయనే. అలనాడు ఉప్సాలాలో ఆయన సిద్ధాంతాన్ని ఆదరించని క్లేవె ఆనాడు నోబెల్ రసాయనశాస్త్ర సంఘంలో సభ్యుడు. 1905లో స్టాక్‌హోమ్‌లో నెలకొల్పిన నోబెల్ భౌతిక రసాయనశాస్త్ర సంస్థకు అర్హీనియస్ సంచాలకుడయ్యాడు. జీవితాంతం ఆ పదవిలోనే ఉన్నాడు.

పెద్దల నిరాదరణను చవిచూసినవాడు పెద్దవాడైన తరువాత అందరిపట్లా ఉదారంగా ఉంటాడని అనుకోవడానికి వీలులేదు. ఆవర్తన పట్టికను నిర్మించిన రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ వియోజన సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. 1906లో మెండలీవ్‌కు నోబెల్ బహుమతి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, అది వీగిపోవడంలో అర్హీనియస్ వ్యతిరేకతకు పాత్ర ఉన్నదని చరిత్రకారులు చెబుతారు. ద్రావణాలను నిష్పాక్షికంగా తూచినవాడికి మనుషులను తూచడం అంత సులభం కాలేదు.

ఆయన సిద్ధాంతానికీ హద్దులు ఉన్నాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ వంటి బలమైన విద్యుద్విశ్లేష్యాలు విలీనతా నియమానికి లొంగలేదు. ఈ అపవాదంపై కలకత్తాలో జ్ఞానచంద్ర ఘోష్ 1918లో పరిశోధన ప్రకటించి ప్రపంచ దృష్టిని ఆకర్షించాడు. 1923లో డిబై, హుకెల్ దీనికి మరింత మెరుగైన వివరణ ఇచ్చారు. అదే సంవత్సరం బ్రాన్‌స్టెడ్, లౌరీ ఆమ్ల క్షారాల నిర్వచనాన్ని నీటి పరిధి దాటించి విస్తరించారు. కాని బలహీన ఆమ్లాలు, బలహీన క్షారాల విషయంలో అర్హీనియస్, ఆస్వాల్డ్ చూపిన మార్గం చెక్కుచెదరలేదు. అర్హీనియస్ 1927 అక్టోబర్ 2వ తేదీన స్టాక్‌హోమ్‌లో కన్నుమూశాడు. ఆయనను ఉప్సాలాలోనే ఖననం చేశారు.

బలహీనం అనే మాటకు ఆయన ఇచ్చిన అర్థం తక్కువతనం కాదు, ప్రమాదరహితం అనీ కాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీన ఆమ్లాల జాబితాలోనిదే. అయినా గాజును కరిగిస్తుంది, ఒంటిమీద పడితే లోతైన గాయం చేస్తుంది. మనిషి రక్తపు పీహెచ్ విలువను 7.4 దరిదాపుల్లో నిలిపి ప్రాణం కాపాడేది కార్బానిక్ ఆమ్లం అనే బలహీన ఆమ్లమూ, దాని బైకార్బనేట్ అయానూ కలిసిన జోడీ. పూర్తిగా విడిపోకుండా కొంత దాచుకొనే ఆమ్లమే అవసరాన్ని బట్టి ఇచ్చి పుచ్చుకోగలదు. కళాశాల ప్రయోగశాలలో ఆక్సాలిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేసేటప్పుడు ఫినాఫ్తలీన్‌నూ, సోడియం కార్బొనేట్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అంశమాపనం చేసేటప్పుడు మిథైల్ ఆరెంజ్‌నూ ఎంచుకొనే విద్యార్థి, తెలిసినా తెలియకపోయినా, ఈ బలాబలాల పట్టికనే ఆశ్రయిస్తున్నాడు. ఒకనాడు ఉప్సాలాలో తక్కువ శ్రేణితో గట్టెక్కిన ఆ వ్యాసపు తొలి ఊహ అటువంటి ప్రతి ప్రయోగంలోనూ నేటికీ పనిచేస్తూనే ఉన్నది.